ముందు పడటం నేర్పాలి: ఒక హైస్కూల్లో అమ్మాయిల రగ్బీ జట్టు మొదలైన తీరు

ఇది నేను వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేసిన ఒక హైస్కూల్లో జరిగింది. పిల్లల్ని, స్కూల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కొన్నిచోట్ల వయసులు అటూ ఇటూ మార్చాను. సంఖ్యలు మాత్రం నా హాజరు పుస్తకంలో ఉన్నవే. అమ్మాయిల రగ్బీ జట్టు పెట్టాలనుకునే ఎవరికైనా మొదట తట్టేది "ముందు ట్యాగ్ ఆడిద్దాం, ట్యాకిల్ సంగతి తర్వాత చూద్దాం" అనే. (ట్యాగ్‌లో నడుముకు కట్టిన పట్టీ లాగితే చాలు. ట్యాకిల్ అంటే బంతి పట్టుకుని వచ్చే మనిషిని చేతులతో చుట్టి కింద పడేయడం.) నాకూ అదే తట్టింది. ఆ నిర్ణయం వల్లే జట్టు ఒకసారి చెదిరిపోయింది. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

ఆ స్కూల్లో అబ్బాయిలకు చాలా ఏళ్లుగా రగ్బీ జట్టు ఉంది. గ్రౌండ్, పోస్టులు, బంతులు, ట్యాకిల్ బ్యాగులు అన్నీ ఉన్నాయి. అమ్మాయిలకు మాత్రం పదమూడేళ్లు దాటేసరికి ఆటలంటే గ్రౌండ్ అంచున కూర్చుని కబుర్లు చెప్పుకోవడమే అన్నట్టు తయారైంది. పరుగు బాగా ఉన్న నలుగురైదుగురు అథ్లెటిక్స్‌కి వెళ్లేవాళ్లు. మిగతావాళ్లు ఏదో ఒక సాకు చెప్పేవాళ్లు. ఆ సాకుల్లో సగం నిజాలని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒకరోజు అబ్బాయిల ప్రాక్టీస్ అయ్యాక షాట్‌పుట్ వేసే ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి నా దగ్గరికొచ్చి, "మేడం, ఈ ఆటలో లావుగా ఉన్నవాళ్లకి కూడా పనుంటుందట కదా, మాకెందుకు లేదు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వారం తిరక్కుండా ప్రిన్సిపాల్ గారి ముందు కూర్చున్నాను.

ఎదురైన చిక్కులు

ప్రిన్సిపాల్ గారు అడిగినవి రెండే: పదిహేను మంది అమ్మాయిల్ని ఎక్కణ్నుంచి తెస్తారు, ఎవరికైనా దెబ్బ తగిలితే ఎవరు జవాబు చెబుతారు?

మొదటిదానికి జవాబు సులువు. పదిహేనుతో మొదలుపెట్టనక్కర్లేదు. జట్టుకు ఏడుగురితో, ఏడేసి నిమిషాల రెండు హాఫ్‌లతో ఆడే సెవెన్స్ ఉంది. 2016 రియో ఒలింపిక్స్ నుంచి అది ఒలింపిక్ ఆట, మగవాళ్లకూ ఆడవాళ్లకూ కూడా. స్క్రమ్‌లో, అంటే రెండు జట్లవాళ్లు వంగి భుజాలు ఆనించి బంతి కోసం నెట్టుకునేటప్పుడు, ఒక్కో వైపు ముగ్గురే ఉంటారు. పదిహేను మంది ఆటలో ముందు వరసకు మెడ, భుజాలు, నడుము ప్రత్యేకంగా తయారుచేసిన పిల్లలు కావాలి. వాళ్లు లేకుండా స్క్రమ్ వేయించడం ప్రమాదం.

రెండో ప్రశ్నకు నేను చెప్పిన జవాబులోనే తప్పు మొదలైంది. "మొదట్లో ట్యాకిల్ ఉండదు సార్, నడుముకు కట్టిన పట్టీలు లాగే ట్యాగ్ రగ్బీయే" అన్నాను. ఆయన ఊరట చెందారు, నేనూ ఊరట చెందాను. మా ఇద్దరి భయాన్నీ తర్వాతి నెలలకు వాయిదా వేసుకున్నామని అప్పుడు తోచలేదు.

మొదటి ప్రయత్నం

మొదటి మీటింగ్‌కి 31 మంది వచ్చారు. నెల తిరిగేసరికి ప్రాక్టీస్‌కి 24 మంది నిలిచారు. అంతమంది మిగలడం చూసి పొంగిపోయాను. వారానికి రెండు రోజులు, అబ్బాయిలు ఆడుతుంటే గ్రౌండ్ రెండో చివర మా ప్రాక్టీస్. అబ్బాయిల పాత జెర్సీలు, తెల్ల షార్ట్స్, పెద్దవాళ్లు ఆడే ఐదో నంబర్ బంతి. ఉన్నవాటితోనే మొదలుపెడదామనుకున్నాను.

ఆరు వారాలు పాసులు, పరుగు, పట్టీలు లాగడం. పిల్లలు నవ్వుతూ ఆడారు. పక్క స్కూలు నుంచి సెవెన్స్ మ్యాచ్‌కి పిలుపు రాగానే ఒప్పేసుకున్నాను. మ్యాచ్‌కి పదిహేను రోజులుందనగా, ఒక సాయంత్రం ట్యాకిల్ మొదలుపెట్టాను. నిలబడి, నడిచి వచ్చే మనిషిని పట్టుకోవడంతో.

ఆ సాయంత్రం మూడో జతలో ఒక అమ్మాయి తల తప్పు వైపు పెట్టింది. బంతి పట్టుకున్న అమ్మాయి తుంటి ఎముక ఈ పిల్ల కణతకు తగిలింది. కింద కూర్చుండిపోయింది. లేచి నిలబడి "బాగానే ఉన్నా మేడం" అంది గానీ, ఏం జరిగిందని అడిగితే ఒకే మాట రెండుసార్లు చెప్పింది. కంకషన్ (తల అదిరి మెదడుకు తగిలే దెబ్బ) అనుమానం ఉంటే ఆ రోజుకు ఆట బంద్, అందులో మరో మాట లేదు. పక్కన కూర్చోబెట్టి, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండేలా చూసి, ఇంటికి ఫోన్ చేసి, డాక్టర్ దగ్గరికి పంపాను. మూడు రోజులు తలనొప్పి ఉండి తగ్గింది. వారం తర్వాత వాళ్లమ్మ ఫోన్ చేసి, కోపం లేకుండానే, "పట్టీలాట అన్నారు కదండీ, అందుకే సంతకం పెట్టాను" అన్నారు.

ఆమె తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు. ఆవిడ అన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు.

మూడు వారాల్లో 24 మంది 11 మంది అయ్యారు. మ్యాచ్ రద్దు చేసుకున్నాను.

ఎందుకిలా అయింది

ఆ సెలవుల్లో హాజరు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. అబ్బాయిల ప్రాక్టీస్‌ని ఫోన్‌లో తీసిన వీడియోలు, మా పిల్లల వీడియోలు పక్కపక్కన పెట్టి చూశాను. ఒక చోట ఆగిపోయాను.

ట్యాగ్‌లో పట్టీ లాగడానికి పిల్లలు ఏం చేస్తారు? ఎదురొచ్చే మనిషికి అడ్డంగా వెళ్లి, నడుము వంచి, తల దించి, రెండు చేతులూ ఆమె నడుము పక్కలకు చాస్తారు. చూపు పట్టీ మీదే. తల సరిగ్గా ఆమె శరీరానికి ముందు ఉంటుంది. ట్యాకిల్‌కి ఇది పూర్తిగా ఉల్టా. చూపు పైకి ఉండాలి. భుజం తగలాలి. తల ఆమె శరీరానికి ముందు కాకుండా పక్కగా, వెనక వైపు ఉండాలి, చెంప ఆమె పిరుదుకు ఆనేట్టు. చేతులు చుట్టి బిగించాలి, తర్వాత కాళ్లతో నెట్టాలి. నేను ఆరు వారాలపాటు ప్రమాదకరమైన భంగిమను అలవాటు చేసి, ఒక్క సాయంత్రంలో దాన్ని మరిచిపొమ్మన్నాను. కణతకు దెబ్బ తిన్న పిల్ల చేసింది నేను నేర్పిందే.

ట్యాగ్ చెడ్డదని నా ఉద్దేశం కాదు. పాసుకీ, ఖాళీ వెతుక్కోవడానికీ అంత మంచి ఆట ఇంకోటి లేదు. ట్యాకిల్‌కి అది మొదటి మెట్టు అనుకోవడమే పొరపాటు.

హాజరు పుస్తకంలో కనిపించింది ఇంకోటుంది. మానేసిన 13 మందిలో ఒంటరిగా మానేసింది ఇద్దరే. మిగతావాళ్లంతా జంటలుగా, ముగ్గురేసిగా, ఒకే రోజు నుంచి రావడం మానేశారు. నేను ఒక్కో పిల్లనీ విడిగా లెక్కపెట్టుకుంటూ వచ్చాను. కానీ వాళ్లు వచ్చేటప్పుడూ స్నేహితురాలితోనే వచ్చారు, వెళ్లేటప్పుడూ స్నేహితురాలితోనే వెళ్లారు.

మూడోది, నెలలో కొన్ని రోజులు కొందరు వరసగా రాకపోవడం. అడిగితే కడుపునొప్పి అనేవాళ్లు. తెల్ల షార్ట్స్ సంగతి నాకు తట్టనేలేదు, నేనూ ఆడదాన్నే అయినా. 2023లో ఐర్లాండ్ మహిళల జాతీయ జట్టు నెలసరి ఇబ్బంది వల్లే తెల్ల షార్ట్స్ మానేసి ముదురు నీలం వేసుకోవడం మొదలుపెట్టింది. పెద్ద స్టేడియంలలో ఆడే క్రీడాకారిణులకే అంత ఇబ్బందైతే, అబ్బాయిలు అరవై గజాల దూరంలో ఉన్న గ్రౌండ్‌లో పద్నాలుగేళ్ల పిల్ల మాటేమిటి?

రెండో ప్రయత్నం

కొత్త టర్మ్‌లో మిగిలిన 11 మందిని పిలిచి జరిగిందంతా చెప్పాను. తప్పు నాదని, ఆ పిల్లది కాదని స్పష్టంగా అన్నాను. ఇద్దరు మానేస్తామన్నారు. తొమ్మిది మందితో మళ్లీ మొదలు. మ్యాచ్ తేదీ పెట్టుకోలేదు. "ఎప్పుడాడతాం మేడం?" అని అడుగుతూనే ఉన్నారు. తేదీ పెట్టుకుంటే దానికోసం మళ్లీ తొందరపడతానని నాకు తెలుసు.

ముందు దేన్ని నేర్పాలి అన్నదాని మీద చాలా ఆలోచించాను. ట్యాకిల్ చేయడమా, ట్యాకిల్ అవడమా? నేను రెండోదాన్నే ఎంచుకున్నాను. ఆడవాళ్ల రగ్బీలో తలకు దెబ్బలు ఎదుటి మనిషి తగలడం వల్లే రావు. వెనక్కి పడేటప్పుడు మెడ ఆపుకోలేక తల నేలకు కొట్టుకోవడం వల్లా వస్తాయి. పైగా పడటం వచ్చిన పిల్లకు ఎదురొచ్చే మనిషంటే భయం తగ్గుతుంది. భయం తగ్గితే కళ్లు మూసుకోదు. కళ్లు తెరిచి ఉంటే తల సరైన చోట ఉంటుంది.

జిమ్నాస్టిక్స్ మ్యాట్లు వేశాం. మొదటి వారమంతా బంతి గుండెకు హత్తుకుని, మోకాళ్ల మీద నుంచి పక్కకు ఒరగడమే. గడ్డం ఛాతీకి ఆనాలి. ముందు మోకాలు, తర్వాత తుంటి, తర్వాత భుజం నేలను తాకాలి. చెయ్యి చాచి ఆపుకోకూడదు, మణికట్టు పోతుంది. రెండో వారం గొంతుకూర్చుని, మూడో వారం నిలబడి, నాలుగో వారం నడుస్తూ. ఏ పిల్ల గడ్డం పైకి లేచినా పక్కనున్న పిల్ల "గడ్డం!" అని అరవాలి. రెండు వారాలకు ఆ మాట స్కూలంతా పాకింది. కారిడార్‌లో ఎవరైనా జారితే కూడా "గడ్డం!" అని అరిచేవాళ్లు.

మూడో వారం నుంచే ట్యాకిల్ కూడా. ఇద్దరూ మోకాళ్ల మీదే. పట్టుకునే అమ్మాయి చెంప ఎదుటి అమ్మాయి వెనక వైపు ఆనిందో లేదో చూడ్డానికి మూడో అమ్మాయి. రోజుకు పదిహేను నిమిషాలే, గడియారం చూసి ఆపేసేదాన్ని. అలిసిపోయిన పిల్ల తల ఎక్కడ పెడుతోందో చూసుకోదు.

ఇక్కడ ఒక పద్ధతి పెట్టాను. బంతి పట్టుకున్న అమ్మాయి ముందే ఒకటి, రెండు, మూడు అని అంకె చెప్పాలి. ఒకటి అంటే మెల్లగా, మూడు అంటే గట్టిగా. పట్టుకునే అమ్మాయి ఆ అంకె దాటకూడదు. కొందరు కోచ్‌లు దీన్ని ఒప్పుకోరు. మ్యాచ్‌లో ఎవరూ అంకె అడగరు కదా అంటారు, అది నిజమే. కానీ నేను పోగొట్టుకుంది ఆ పిల్లల నమ్మకం. తన ఒంటికి ఎంత జోరు తగలాలో తానే చెప్పగలనని తెలిసిన పిల్ల, రెండు వారాల్లో తనంతట తానే అంకె పెంచుకుంటూ పోయింది. ఐదో వారానికి "ఒకటి" అన్న మాట దాదాపు వినబడలేదు.

వార్మప్‌కి అంతర్జాతీయ రగ్బీ సంఘం వరల్డ్ రగ్బీ 'యాక్టివేట్' పేరుతో ఇచ్చే వ్యాయామాలు తీసుకున్నాను. మెడ, నడుము బలం, దూకి సరిగ్గా నిలవడం, దిశ మార్చడం అన్నీ ఇరవై నిమిషాల్లో అయిపోతాయి. ఇంగ్లండ్ స్కూలు అబ్బాయిల మీద చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి మూడుసార్లు చేసిన జట్లకు మ్యాచ్ గాయాలు 72 శాతం, కంకషన్లు 59 శాతం తక్కువగా కనిపించాయి. అది అబ్బాయిల లెక్క కాబట్టి ఆ అంకెల్ని తల్లిదండ్రుల ముందు వాడలేదు. మాకు ప్రాక్టీస్ రెండు రోజులే. మూడో రోజు పీటీ పీరియడ్‌లో చేయించాను.

మిగతా మార్పులు చకచకా జరిగిపోయాయి. ముదురు రంగు షార్ట్స్, వాటి కింద ఎవరికి కావాలంటే వాళ్లకు లెగ్గింగ్స్ (నియమాలు దీనికి ఒప్పుకుంటాయి). పద్నాలుగేళ్ల వరకు పిల్లలు వాడే నాలుగో నంబర్ బంతి. ప్రతి పిల్లకూ వేడి నీళ్లలో మెత్తబరిచి పళ్లకు అచ్చు తీసుకునే మౌత్‌గార్డ్. అబ్బాయిలు లేని రోజుల్లో ప్రాక్టీస్. కొత్తగా చేరాలంటే ఒంటరిగా కాదు, స్నేహితురాల్ని తెచ్చుకోవాలి. ఈ ఒక్క షరతు వల్లే రెండు నెలల్లో తొమ్మిది మంది 16 అయ్యారు.

తల్లిదండ్రుల మీటింగ్ మాత్రం రెండుసార్లు పెట్టాల్సొచ్చింది. మొదటిసారి చరిత్ర చెప్పాను. 1880ల్లో ఐర్లాండ్‌లో ఎమిలీ వాలెంటైన్ అనే పదేళ్ల పిల్ల, అన్నల స్కూలు జట్టులో ఒకరు తక్కువైతే కోటు విప్పి దిగి ట్రై కొట్టిందని (అంటే అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనించిందని), 1991లో వేల్స్‌లో మహిళల మొదటి ప్రపంచకప్ జరిగితే అమెరికా గెలిచిందని, 2025లో ఇంగ్లండ్, కెనడా ఆడిన ఫైనల్ చూడ్డానికి లండన్‌లో 81 వేల మందికి పైగా వచ్చారని. మర్యాదగా విన్నారు. సంతకాలు ఎవరూ పెట్టలేదు. వాళ్ల ప్రశ్న అమ్మాయిలు ఆడొచ్చా అని కాదు, మా అమ్మాయికి దెబ్బ తగిలితే ఏం చేస్తారు అని. వాళ్లు అడగని ప్రశ్నకు నేను జవాబు చెప్పాను.

రెండోసారి మ్యాట్లు వేసి పిల్లలతోనే చేయించాను. ఒక నాన్న చెప్పులు విప్పి మ్యాట్ మీదికొచ్చి, "నాకూ నేర్పమ్మా" అన్నారు. ఆయన కూతురు, ఇంట్లో పెద్దగా నోరు విప్పని పిల్లట, ఆయన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టింది. "గడ్డం లోపలికి పెట్టు నాన్నా. ఇంకా. మెడ బిగించు." ఆయన ఒరిగారు, తల నేలకు తగల్లేదు. ఒక్క క్షణం అలాగే పడుకుని కూతురి వైపు చూశారు. ఆ తర్వాత ఒక కాగితం పంచాను: తలకు దెబ్బ అనుమానం వస్తే పిల్ల ఏమన్నా సరే ఆ రోజు మళ్లీ దిగదు, ఇంటికి ఫోన్ వస్తుంది, డాక్టర్ ఒప్పుకునే వరకు, కనీసం మూడు వారాల వరకు మ్యాచ్ లేదు, అంచెలంచెలుగానే తిరిగి వస్తుంది. మొదటి ప్రయత్నంలో జరిగిన దెబ్బ గురించి కూడా అందులో రాశాను. దాన్ని దాచి సంతకం అడిగే హక్కు నాకు లేదనిపించింది.

మ్యాచ్

నాలుగు నెలలకు మ్యాచ్. ఇక్కడ ఒక నిర్ణయం గురించి చెప్పాలి. సెవెన్స్ అసలు నియమాల ప్రకారం ఏడుగురు ఆడేది పదిహేను మంది ఆడే గ్రౌండ్‌లోనే: వంద మీటర్ల పొడవు, డెబ్భై మీటర్ల వెడల్పు. అంత ఖాళీలో గెలిచేది పరుగే. మ్యాట్ల మీద అందరికంటే బాగా తేలినవాళ్లు, అంటే షాట్‌పుట్ పిల్ల, ఆమెలాంటి ఇంకో ముగ్గురు, అక్కడ అలంకారంగా మిగిలిపోయేవాళ్లు. అడిగి మొదలుపెట్టించిన పిల్లకే చోటు లేని జట్టు నాకక్కర్లేదు. అందుకే అవతలి కోచ్‌తో మాట్లాడి సగం గ్రౌండ్‌లో, అడ్డంగా ఆడదామన్నాను. నెట్టుడు లేని స్క్రమ్, ట్యాకిల్ నడుము దాటకూడదు, ఎవరినైనా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఆయన జట్టులోనూ అలాంటి పిల్లలు ఉన్నారట.

ఐదు ట్రైలకు ఒకటి, ఓడిపోయాం. నేను నోట్‌బుక్‌లో స్కోరు రాయలేదు, ట్యాకిళ్లు రాశాను: 51 ప్రయత్నించారు, 38 సార్లు తల సరైన వైపు ఉంది. తప్పిన 13లో తొమ్మిది రెండో హాఫ్ చివర్లోవి. దాంతో తర్వాతి మ్యాచ్‌కి ఒక్కో పిల్ల వరసగా నాలుగు నిమిషాల కంటే ఎక్కువ గ్రౌండ్‌లో ఉండకుండా చూశాను. అందులో తప్పినవి ఆరుకు తగ్గాయి.

ఆ ఒక్క ట్రై కొట్టింది షాట్‌పుట్ పిల్లే. ఇద్దరు పట్టుకుని వేలాడుతుంటే, ఆరడుగులు ఈడ్చుకెళ్లి పడింది. పడేటప్పుడు అవతల గీత దగ్గర నిలబడ్డ మా పిల్లలంతా "గడ్డం!" అని అరిచారు.

తర్వాత

ఏడాది చివరికి 22 మంది. తలకు దెబ్బ అనుమానం ఒక్కసారి వచ్చింది. కాగితంలో రాసినట్టే నడిచాం, పిల్ల నాలుగో వారం తిరిగొచ్చింది. మణికట్టు బెణుకులు రెండు. రెండూ చెయ్యి చాచి ఆపుకోవడం వల్లే.

ఈ కేసుని ట్యాకిల్ ఆలస్యం చేయడం వల్ల వచ్చిన వైఫల్యంగా మొదట నాలో నేను రాసుకున్నాను. మొదటి విడత మానేసిన వాళ్లలో ఐదుగురితో తర్వాత మాట్లాడితే ఆ లెక్క కొంచెం మారింది. ఇద్దరు నిజంగా ట్యాకిల్‌కి భయపడ్డారు. ఒకరు అబ్బాయిలు చూస్తున్నారని. ఒకరు స్నేహితురాలు మానేసిందని. ఐదో అమ్మాయి మాత్రం "మేడం, ట్యాకిల్ మొదలుపెట్టిన రోజు నాకు చాలా నచ్చింది. మీరే భయపడ్డట్టు కనిపించారు. మీరు భయపడితే మాకెందుకని వెళ్లిపోయా" అంది. నిజమే, ఆ దెబ్బ తర్వాత మూడు వారాలూ నేను ప్రతి ట్యాకిల్‌కీ విజిల్ ఊదాను. నా ముఖంలో కనబడుతున్నదాన్ని పిల్లలు చదువుతున్నారని నాకు తెలియలేదు. కాబట్టి ఇలాంటి జట్టు పెట్టేవాళ్లు ముందు తామే మ్యాట్ మీద పడి చూడాలని నా సలహా. రెండో ప్రయత్నానికి ముందు సెలవుల్లో నేను రోజూ పడ్డాను, ఒంటరిగా, జిమ్ తలుపు మూసుకుని. పిల్లలకు "పడొచ్చు" అని చెప్పినప్పుడు నా గొంతు వణక్కపోవడానికి అదే కారణం.

కణతకు దెబ్బ తగిలిన అమ్మాయి తిరిగి ఆడలేదు. ఆమెనీ, వాళ్లమ్మనీ ఒప్పించే ప్రయత్నం నేను చేయలేదు. రెండో మ్యాచ్‌కి వచ్చి గీత పక్కన నిలబడి చూసింది. మూడో మ్యాచ్ నుంచి నోట్‌బుక్ ఆమె చేతికిచ్చాను. తల ఏ వైపు ఉందో ఆ పిల్లకు తెలిసినంత త్వరగా నాకు కూడా తెలియదు.

ఇప్పుడు పెద్ద పిల్లలు పదిహేను మంది ఆట ఆడతామంటున్నారు. సంఖ్య సరిపోతుంది. ముందు వరసకు పనికొచ్చే నలుగురున్నారు, కానీ వాళ్లలో ఇద్దరికే మెడ వ్యాయామాలు ఆరు నెలలు దాటాయి. ఈ ఏడాది వద్దన్నాను. ఒప్పుకోలేదు, వాదించారు. చివరికి ఒక మాట మీదికొచ్చాం: నలుగురూ వచ్చే టర్మ్ అంతా వారానికి మూడు రోజులు మెడ వ్యాయామాలు, తక్కువ ఎత్తులో స్క్రమ్ భంగిమ చేస్తారు, వీపు చదునుగా నిలుస్తుందో లేదో ప్రతి నెలా వీడియో తీసి చూస్తాం. మొదటి నెల వీడియోలో ముగ్గురి వీపు చదునుగా ఉంది, నాలుగో పిల్లది ఇంకా వంగుతోంది. రెండో నెల వీడియో వచ్చే మంగళవారం.